రంగత్ తెల్ల కారు ధర

వానలు మొదలైన కొత్తలో మా ఆవిడ స్కూటర్ మీంచి పడింది. పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో మా ఇంటి దగ్గర్నుంచి మెయిన్ రోడ్డుకి దిగే ఏటవాలు ఒకటుంది. ఏడాదిలో సగం పైగా అది తడిగానే ఉంటుంది, పక్కల నాచు పట్టి ఉంటుంది. బడికి ఆలస్యమవుతోందని వెళ్తూ, ఎదురుగా మేక వస్తే గట్టిగా బ్రేకు వేసిందట. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో ప్లాస్టర్ వేస్తున్నప్పుడు ఏడవలేదు గానీ నా వైపు తిరిగి ఒకటే మాట అంది.

"ఇంక రెండు చక్రాల బండి ఎక్కను. కింద నాలుగు చక్రాలూ, పైన కప్పూ ఉన్నది ఏదైనా సరే, తెచ్చెయ్యండి."

తను తెలుగు టీచరు. బడి ఊరికి కాస్త దూరం. అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, పుస్తకం చేతికిస్తే మాత్రం అక్షరాలు కూడబలుక్కుంటారు. బడి మానేసి ఇంట్లో కూర్చోమంటే ఊరుకునే మనిషి కాదు. డ్రైవింగ్ ఎప్పుడో నేర్చుకుంది. కారు లేకుండానే లైసెన్సు తీసుకుని బీరువాలో దాచుకుంది. అంచేత కొనాలా వద్దా అన్న చర్చే రాలేదు. ఎక్కడ కొనాలి, ఎంతకి కొనాలి అన్నదే మిగిలింది. అది నా పని.

నాకు హార్డ్‌వేర్ షాపుంది. పైపులు, కుళాయిలు, రంగులు, తాళాలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చాడు, నాన్న ఈ షాపు పెట్టాడు, నేను చదువు అయ్యాక వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లు అమ్మినవాడికి కొనడం రాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. బేరం సంగతి నాకు తెలుసు. బజారంతా తిరిగి వచ్చి, "అక్కడ ఇంతకే ఇస్తానన్నాడు" అనేవాడికి నేను దిగుతాను. ఇంట్లో పైపు పగిలి నీళ్లు కారిపోతుంటే పరుగెత్తుకొచ్చినవాడు నేను చెప్పిన ధరకే తీసుకుపోతాడు. కుళాయి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇందులో మోసం ఏమీ లేదు. తిరిగినవాడికి తిరిగినంత లాభం, అంతే. కాబట్టి నేను తిరగదలచుకున్నాను.

మొదట కొత్త కారు చూద్దామని పోర్ట్ బ్లెయిర్‌లో షోరూమ్‌కి వెళ్లాను. నేను అనుకున్న చిన్న కారు అక్కడ ఉంది. సేల్స్ కుర్రాడు మంచినీళ్లిచ్చాడు, తలుపు తెరిచి కూర్చోబెట్టాడు, ధర రాసి కాగితం ఇచ్చాడు.

"డిస్కౌంట్ ఎంత?" అన్నాను.

"అంకుల్, ఈ బండికి ఇక్కడ మాది ఒక్కటే షోరూమ్" అన్నాడు హిందీలో, ఎంతో మర్యాదగా. అది నా ప్రశ్నకి జవాబేనని అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

సరే, ఒక్కటే ఉన్నచోట ఎందుకు, పది ఉన్నచోట అడుగుదామని విశాఖపట్నంలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. అతనికి ఇలాంటి పనులంటే పండగ. రోజుకో షోరూమ్‌కి వెళ్లి సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు.

"బావా, మొదటివాడి కొటేషన్ రెండోవాడికి చూపించాను. మ్యాట్లూ సీట్ కవర్లూ ఫ్రీ అన్నాడు."

మర్నాడు, "బావా, రెండోవాడిది మూడోవాడికి చూపించా. ఇన్సూరెన్స్‌లో తగ్గించాడు. ఇంకా దిగేట్టున్నాడు."

ప్రతి సాయంత్రం ధర కొంచెం కొంచెం దిగేది. నాకు మహా ఉత్సాహంగా ఉండేది. ఇక్కడి షోరూమ్ ధరకీ, అక్కడి ధరకీ మధ్య ఖాళీ చూసుకుని ఆ డబ్బుతో షాపు ముందు రేకులు వేయిద్దామని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఆ కారు ఇక్కడికి రావడం ఎలా అని అడగడం మొదలుపెట్టాను. చెన్నై దాకా ఎవరైనా నడుపుకుని పోవాలి. అక్కడ ఓడలో చోటు దొరికేదాకా ఎదురుచూడాలి. ఓడ కిరాయి, రేవులో ఖర్చులు, ఇక్కడికొచ్చాక మళ్లీ రిజిస్ట్రేషను. బావమరిది సెలవు పెట్టాలి, లేదా నేను షాపు మూసి వెళ్లాలి. అన్నీ కూడితే రెండు ధరలూ పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. తేడా రానూపోనూ టికెట్లకి కూడా చాలదు.

మా ఆవిడకి చెప్పాను. ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం అప్పటికి అలవాటవుతోంది తనకి.

"అంటే ఇక్కడివాడు సరిగ్గా మన ఓపిక ఎక్కడ అయిపోతుందో అక్కడ పెట్టాడన్నమాట ధర" అన్నాను.

"అంటే మనం తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటేనా?"

"ఒకటే కాదు. తిరిగే కష్టం కూడా ధరలో కలిసే ఉంది."

"మరి మా తమ్ముడు అన్ని రోజులు తిరిగాడుగా, ఆ కష్టం ఎటు పోయింది?"

నేను చెప్పింది నాకే సరిగ్గా అర్థమైందో లేదో తెలియలేదు.

ఎలాగైతేనేం, కొత్త కారుకి అంత పెట్టడానికి మాకు మనసొప్పలేదు. పాత కారు వెతకాలి. ఇక్కడ పాత కార్ల బజారంటూ ఏమీ లేదు. ఎవరో బదిలీ మీద పోతూ అమ్ముతారు, ఎవరో పెద్దవాళ్లయి నడపలేక అమ్ముతారు. ఆ కబురు నోటి మాటగా తిరుగుతుంది. కబురు తెచ్చేవాళ్లని పట్టుకోవాలి. ఒకరిని పట్టుకుంటే అతను చెప్పిందే ధర అవుతుంది కాబట్టి ముగ్గురిని పట్టుకున్నాను.

ఒకడు మా షాపు లోడ్ ఆటో బాగుచేసే మెకానిక్. రెండో ఆయన ఫీనిక్స్ బే రేవు దగ్గర బోటు టికెట్ల కోసం వచ్చేవాళ్లకి లాడ్జీలూ టాక్సీలూ మాట్లాడిపెట్టే భయ్యా. ఏ ఆఫీసరు ఎప్పుడు సామాను సర్దుకుంటున్నాడో ఆయనకి ముందే తెలుస్తుంది. మూడోవాడు మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడి వరస. కాంట్రాక్టు పనుల మీద ఉత్తరాన పక్క దీవిలో ఉన్న రంగత్ దాకా తిరుగుతుంటాడు. ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. మిగతా ఇద్దరి సంగతి ఎవరికీ చెప్పలేదు. అదే నా తెలివనుకున్నాను.

వారం తిరక్కుండా మెకానిక్ వచ్చాడు.

"సేఠ్, రంగత్‌లో బండి ఉంది. తెల్లది, చిన్నది. ఒకే చెయ్యి తిరిగిన బండి. మూడు లక్షలకి మాట్లాడతా."

ఓనరు ఎవరన్నాను. నవ్వాడు. అది చెబితే నేను నేరుగా వెళ్లిపోతానని అతని భయం. మా షాపులో నేనూ అంతే, సరుకు ఎక్కడ కొంటానో ఎవరికీ చెప్పను. అందుకని నొక్కి అడగలేదు.

తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, రంగత్ మార్కెట్ దగ్గర ఒక తెల్ల బండి చూశాను. కండిషన్ బాగుంది. మూడూ ఇరవైకి వస్తుంది."

ఆ తర్వాత ఫీనిక్స్ బే భయ్యా. "రంగత్‌లో రిటైరైన ఒకాయన బండి ఉంది. తెల్లది. టైర్లు కొత్తవి. మూడూ ముప్ఫై అంటున్నాడు."

రంగత్‌లో మూడు తెల్ల కార్లు అమ్మకానికి ఉన్నాయని నేను సంతోషించాను. ఇక్కడ పదింట్లో ఏడు కార్లు తెల్లవే, నాకు అనుమానం రావడానికి ఏముంది? ఇక నా విద్య చూపించాను. తమ్ముడితో, "నాకు వేరేచోట మూడుకే వస్తోంది, కనుక్కో" అన్నాను. మెకానిక్‌తో, "కొత్త టైర్లున్న బండి ఇంకోటి చూశాను, నీది ఇంకా తగ్గించాలి" అన్నాను. భయ్యాతో రెండు మాటలూ కలిపి చెప్పాను. తగ్గించుకుని వస్తారని షాపులో కూర్చున్నాను.

ముగ్గురూ వచ్చారు. ముగ్గురూ పెంచుకుని వచ్చారు.

"సేఠ్, ఓనరుకి ఇంకెవరో పార్టీ దొరికింది, మూడూ పాతికకి దిగి రావట్లేదు" అన్నాడు మెకానిక్. తమ్ముడు మూడున్నర అన్నాడు. భయ్యా ఏకంగా మూడూ అరవై అని, "జల్దీ చెప్పు భాయ్, డిమాండ్ చాలా ఉంది" అన్నాడు.

నాకు మతి పోయింది. కొనేవాడు మూడు షాపులు తిరిగితే ధర దిగాలి. నా షాపులో అలాగే జరుగుతుంది, విశాఖపట్నంలోనూ అలాగే జరిగింది. ఇక్కడేమో నేను అడిగినకొద్దీ పెరుగుతోంది. రంగత్‌లో ఉన్నట్టుండి అందరికీ కార్లు ఎందుకు కావలసి వచ్చాయి? కొత్త రోడ్డేమైనా వేస్తున్నారా? షాపుకొచ్చిన రంగత్ మనిషొకడిని అడిగితే అలాంటిదేమీ లేదన్నాడు.

"మీరు అడగడం ఆపి చూడండి, దిగుతుందేమో" అంది మా ఆవిడ. వేళాకోళానికే అంది. ప్లాస్టర్ తీసేశారు అప్పటికి. చేతిలో మెత్తటి బంతి పెట్టుకుని నొక్కుతూ ఉండేది.

చివరికి తనే, "రండి, ఇద్దరం వెళ్లి మూడూ కళ్లతో చూసి ఒకటి తెచ్చుకుందాం. బడికి సెలవులున్నాయి" అంది. నేను ముగ్గురికీ చెప్పాను, ఫలానా రోజు రంగత్ వస్తున్నాను, దిగాక ఫోన్ చేస్తాను, దారి చెప్పండి అని. ముగ్గురూ సరేనన్నారు.

తెల్లవారకముందే బస్సెక్కాం. జిర్కాటాంగ్ దగ్గర బళ్లన్నిటినీ ఒకేసారి పోలీసు కాపలాతో వదిలే కాన్వాయ్ కోసం ఆగి, అడవి దాటి, మిడిల్ స్ట్రెయిట్‌లో సముద్రపు పాయ దాటడానికి బస్సుతో సహా బార్జి ఎక్కి, రంగత్ చేరేసరికి మధ్యాహ్నమైంది. మార్కెట్‌లో దిగి టీ తాగి ముందు మెకానిక్‌కి ఫోన్ చేశాను. మార్కెట్ వెనక సందులో నీలం గేటు ఇల్లు అని చెప్పాడు.

నీలం గేటు ముందే కారు ఉంది. తెల్లది, తుడిచి పెట్టి ఉంది. ఒక పెద్దాయన లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో మాకోసమే కూర్చున్నట్టు కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య. మా మాట తెలుగని తెలియగానే ఇద్దరి మొహాలూ విప్పారాయి.

"మా అయ్య టెక్కలి వైపు నుంచొచ్చాడు బాబూ. నాను ఇక్కడే పుట్టాను. బోటు ఇంజిన్ రూములో పని సేసి రిటైరయ్యాను" అన్నాడు పెద్దాయన.

"బండి ఎందుకు అమ్ముతున్నారు బాబాయ్?" అంది మా ఆవిడ.

"కళ్లమ్మా. ఎదర ఒక బండి వస్తే రెండు కనపడతన్నాయి. మీ పిన్ని నా పక్కన కూకోనంటంది."

"ప్రాణాలంటే ఆశ ఉండదేటి?" అంది ఆవిడ.

టీ వచ్చింది. కారు చూశాం. ఇంజిను శుభ్రంగా ఉంది. మా ఆవిడ సందు చివరిదాకా నడిపి తెచ్చింది. దిగేటప్పుడు మొహం చూస్తే, తనకి ఇది చాలని తెలిసిపోయింది. కానీ ఇంకా రెండు చూడాలి కదా. ధర మాట నేను ఎత్తలేదు. పెద్దాయనే ఎత్తాడు.

"ముందే సెప్తన్నాను బాబూ, నాకు దాపరికం లేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి మూడు పార్టీలు తిరగతన్నాయి దీనికోసం. ఒకడు మూడున్నరంటే ఒకడు మూడూ అరవై అంటన్నాడు. మీరు ఎవుల తాలూకు?"

మిగతా బళ్లు కూడా చూసి వస్తామని చెప్పి, మా ఆవిడతో బయటికి వచ్చాను. సందు మలుపులో నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

"మార్కెట్ వెనక్కి వెళ్లన్నా. నీలం గేటు" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి ఆ గేటు వైపు చూశాను. వేరే నీలం గేటు ఉందేమోనని సందంతా చూశాను. లేదు. గేటు దాకా తిరిగొచ్చి భయ్యాకి చేశాను. ఆయన దారి చెప్పకుండా, "నువ్వు అక్కడే ఉండు, నేను ఓనరుకి ఫోన్ చేసి చెప్తా, నా పార్టీ వచ్చిందని" అని పెట్టేశాడు. మరు నిమిషంలో వరండాలో పెద్దాయన ఫోన్ మోగింది. ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "అలాగా, వస్తన్నారా, రమ్మను, రమ్మను, ఇక్కడ ఇంకో పార్టీ కూడా ఉన్నారు" అంటున్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. ముందు తనకే అర్థమైంది.

"ఆ మూడు పార్టీలూ మనమే కదండీ?" అంది.

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. నవ్వొచ్చిందని చెప్పలేను. నా పక్కన ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నట్టు, ఇన్నాళ్లూ వాళ్లతోనే నేను పోటీ పడుతున్నట్టు ఏదోలా అనిపించింది. మెకానిక్‌తో నేను అన్న మాట ఇక్కడికొచ్చి ఇంకెవరో అడుగుతున్నారన్న కబురయింది. ఆ కబురు తమ్ముడి ద్వారా పెరిగిన ధరగా నా దగ్గరికి తిరిగొచ్చింది. నేను తగ్గించమని నొక్కిన ప్రతిసారీ ఈ పెద్దాయన ఇంటి ముందు కొనేవాడొకడు పెరిగాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఒక్క పార్టీనే అని తెలిస్తే ధర దానంతటదే దిగుతుంది, చెబితేనే లాభం అని కూడా అనిపించింది. ఏది ఎందుకు చేస్తున్నానో తెలియకుండానే లోపలికి వెళ్లి చెప్పేశాను.

"బాబాయ్, మీరు ఎదురు చూస్తున్న ఆ ఇంకో పార్టీ మేమే. మూడోది కూడా మేమే."

పెద్దాయనకి ఒక పట్టాన అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఒక్కరేనంట" అన్నాడు. ఆ మాట అన్న తీరు చూస్తే నాకు కష్టమనిపించింది. ముగ్గురు చుట్టాలొస్తారని ఎసరు పెట్టుకున్నవాడికి ఒక్కరే వచ్చినట్టుంది ఆయన మొహం.

అప్పటికి వెనక్కి వెళ్లే చివరి కాన్వాయ్ వేళ దాటిపోతోంది. లాడ్జి చూసుకుంటామంటే దంపతులిద్దరూ ఒప్పుకోలేదు. "మన ఊరి పక్కోళ్లు లాడ్జీలో ఉండటమేటి" అంది పిన్ని. పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. మా ఆవిడ కొబ్బరి తురమబోతే ఆవిడ ఆ మణికట్టు చూసి తురుముపీట లాగేసుకుంది.

భోజనాల దగ్గర బేరం మొదలైంది. నేను ఎన్నో బేరాలు చేశాను గానీ విస్తట్లో ముక్క వేస్తున్న మనిషితో ఎప్పుడూ చేయలేదు.

"అసలు ఎవరూ అడక్కముందు మీ మనసులో ఎంత ఉండేది బాబాయ్?" అని అడిగాను. నా ఉద్దేశంలో అది అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న. ఆ ధర తెలిస్తే నా వల్ల పెరిగింది ఎంతో తెలుస్తుంది, దాన్ని తీసేస్తే సరిపోతుంది.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "రెండున్నర వస్తే సాలనుకున్నాను."

"రెండున్నరేటి? రెండూ డెబ్బై అన్నావు" అంది పిన్ని.

"అది టైర్లు మార్సినాక."

"టైర్లు మార్సకముందే అన్నావు. తర్వాత అన్నది మూడు."

"మూడని నానన్లేదు, ఆ మెకానిక్ అన్నాడు."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. తేలలేదు. ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు, గుర్తు రావడం లేదు. ఆఖరికి, "నానూ ఊరుకోలేదు బాబూ" అన్నాడు. ఆయన కూడా తిరిగాడట. ధర పెరుగుతుంటే భయపడి, తను మోసపోతున్నాడేమోనని, రంగత్‌లో తెలిసిన వాళ్లందరినీ అడిగాడట తన కారుకి ఎంత వస్తుందని. బస్సు డ్రైవరు రెండు లక్షలకి మించి ఎవడిస్తాడన్నాడు. బట్టల కొట్టు ఆయన నాలుగుకి తక్కువ వదలొద్దన్నాడు. బోటులో తనతో పనిచేసినాయన, అమ్మొద్దు, ఇంకో ఏడాది ఉంచితే ఇంకా వస్తుందన్నాడు.

"అడక్క ముందు నాకు ధర తెలుసు. అడిగినాక తెలకుండా పోనాది" అన్నాడు.

నాకూ సరిగ్గా అదే జరిగిందని చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒకే కారు, అమ్మేవాడొకడు, కొనేవాడొకడు, ఎదురెదురుగా కూర్చున్నాం, దాచేది ఏమీ లేదు. ఇక ధర తేలడం సులువవ్వాలి కదా. దాని మీద ఇద్దరికీ పట్టు దొరకలేదు. నేను రెండూ డెబ్బై అందామనుకుంటే, ఈ పెద్దమనిషి ఇన్నాళ్లూ మూడూ అరవై అనుకుని దేనికో పథకం వేసుకుని ఉంటాడు కదా అనిపించింది. అడిగాను. వంటింటి కప్పు మార్పిద్దామనుకున్నారట. మూడు అందామనుకుంటే, నా మాటలకే నేను కప్పు వేయిస్తున్నట్టవుతుంది కదా అనిపించింది.

నేను నోరు తెరవకముందే మా ఆవిడ చెప్పేసింది.

"మూడు లక్షలు బాబాయ్. మొదట మా చెవిన పడ్డ మాట అదే. దానికి అటూ ఇటూ వద్దు."

పెద్దాయన పిన్ని వైపు చూశాడు. పిన్ని మా ఆవిడ మణికట్టు వైపు చూసి, "తీసుకోనీ. బడికెళ్లే పిల్ల" అంది. అయిపోయింది. ఇన్ని వారాలు నేను చేసిన పని ఒక ముద్ద నమిలేలోపు తేలిపోయింది.

పొద్దున్నే కాగితాల మీద సంతకాలయ్యాయి, అడ్వాన్సు ముట్టింది. మిగతాది పేరు మారాక. బయల్దేరేటప్పుడు పెద్దాయన డిక్కీ తెరిచి ఒక గోనె సంచి నిండా కొబ్బరికాయలు, రెండు అరటి గెలలు పెట్టాడు. వద్దన్నా వినలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక బంపరు మీద చెయ్యి వేసి, ఇంక చాలన్నట్టు లోపలికి వెళ్లిపోయాడు. మా ఆవిడే నడిపింది. దారిలో ముందున్న లారీ వెనకే జాగ్రత్తగా, పెదవి బిగపట్టి పోనిచ్చింది. బార్జి మీద కారు ఆపాక స్టీరింగ్ వదిలి చేతులు విదిలించుకుంది.

"మూడెందుకన్నావు?" అన్నాను. "రెండూ డెబ్బైకే వచ్చేదేమో."

"వచ్చేదేమో. మీరు ఇంకో గంట మాట్లాడితే మూడూ ఎనభై అయ్యేదేమో కూడా."

"నేను మాట్లాడితే ఎందుకు పెరుగుతుంది? అక్కడ ఇంకెవరూ లేరుగా."

"ఏమోనండీ. ఇన్నాళ్లూ కూడా ఎవరూ లేరు."

ఇంటికొచ్చిన మర్నాడు షాపుకి మెకానిక్ వచ్చి కమిషన్ అడిగాడు. మొదట చెప్పింది అతనే కాబట్టి ఇచ్చాను. మధ్యాహ్నం ఫీనిక్స్ బే భయ్యా వచ్చాడు. "ఓనరుకి ఫోన్ చేసింది నేను. పార్టీని ఇంట్లో కూర్చోబెట్టింది నేను" అన్నాడు. ఒక్క కారుకి ఒక్క కమిషనే ఉంటుందని చెప్పాను. "నేను నిన్ను తీసుకెళ్లకపోతే నువ్వెళ్లేవాడివా?" అన్నాడు. అది నిజమో కాదో నాకే తెలియలేదు. టీ తాగించి కొంత ఇచ్చాను. ఆ కొంత చాలలేదన్నట్టు వెళ్లాడు. తమ్ముడు కమిషన్ అడగలేదు. "మన మనిషివని నేను ఊళ్లో తిరిగి అడిగితే, నువ్వు ఇంకో ఇద్దరిని పెట్టావు. నా మీద నమ్మకం లేకనేగా అన్నా" అన్నాడు. నమ్మకం లేక కాదు, తక్కువకి వస్తుందని అని చెప్పాను. "వచ్చిందా?" అన్నాడు.

రెండు నెలలు వాడు మా ఇంటికి రాలేదు. తర్వాత వాళ్లావిడకి ఒంట్లో బాగోకపోతే మా ఆవిడ రాత్రనక పగలనక ఆస్పత్రికి తిప్పింది, ఆ కారులోనే. అప్పటినుంచి మళ్లీ వస్తున్నాడు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

కారు బాగానే నడుస్తోంది. రంగత్ పెద్దాయన అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆయిల్ మార్చారా, ఎడమ పక్క అద్దం సరిగ్గా ఎక్కుతోందా అని అడుగుతాడు. వంటింటి కప్పు సగం వేయించారట. మిగతా సగం వానలయ్యాక అన్నాడు. మరి మూడూ అరవై ఇచ్చి ఉంటే పూర్తయ్యేదా అని అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు జనం మా కారు చూసి ధర అడుగుతారు. షాపుకొచ్చే ఒకాయన, ఆఫీసులో పనిచేస్తాడు, మూడని చెప్పగానే, "అయ్యో, బాగా ఎక్కువ పెట్టారే, మా పక్కింటాయన ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ ఇలాంటిదే రెండుకి ఇచ్చేశాడు, నాకు చెప్పాల్సింది కదా" అన్నాడు. ఎవరికి చెప్పాలో ముందు తెలిస్తే చెప్పేవాడినే. అదే వారం మా వీధిలో ఒకావిడ, "మూడుకేనా? ఇంత మంచి బండి? ఇంజినులో ఏదో ఉండి ఉంటుంది, చూపించుకోండి దీదీ" అని మా ఆవిడతో అంది. మర్నాడు పొద్దున బడికి వెళ్తూ బానెట్ ఎత్తి ఒకసారి లోపలికి చూసింది. నేనూ వెళ్లి పక్కన నిలబడి చూశాను. ఇంజిను ఇంజినులాగే ఉంది. వాన మొదలయ్యేట్టుంటే బానెట్ మూసేశాం. తను ఎక్కి, అద్దాలు పైకెత్తుకుని, ఏటవాలు మీద నెమ్మదిగా దిగి వెళ్లిపోయింది.